మరుపు కమ్మిన ఇంట చూసేవారికీ కావాలి చేయూత

ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో ముప్పయ్యయిదేళ్ళు ఫిట్టరుగా పనిచేసి పదవీ విరమణ పొందిన పెద్దాయన ఒకరు ఝపటాపూర్‌లో ఉంటున్నారనుకుందాం. కొడుకు లోకో పైలట్. ఇంట్లో పడుకునే రాత్రులకంటే రన్నింగ్ రూములో గడిపే రాత్రులే అతనికి ఎక్కువ. పెద్దాయన బాగోగులన్నీ కోడలివే. సాయంత్రం అయిదు కాగానే ఆయన చొక్కా తొడుక్కుని గుమ్మంలోకి వస్తారు. 'డ్యూటీకి వేళయింది, క్యారేజీ కట్టమ్మా' అంటారు. 'మీరు రిటైరై పద్దెనిమిదేళ్ళయింది మావయ్యా' అంటుంది కోడలు. ఆయన నమ్మరు. ఫోర్‌మన్ ఊరుకోడని గొంతు పెంచుతారు. గడియ వేసిన తలుపును గుంజుతారు. ఇరుగుపొరుగు తొంగిచూస్తారు. ఆ రాత్రి ఆమెకు అన్నం సయించదు. మర్నాడు మధ్యాహ్నం మూడింటి నుంచే ఆమెకు గుండె దడ మొదలవుతుంది.

ఈ ఇల్లు ఊహించినదే. కానీ డిమెన్షియాకు లోనైన వృద్ధులున్న ఇళ్ళలో ఇటువంటి సాయంత్రాలు నిత్యకృత్యం. వైద్యుడి ముందు కూర్చున్నప్పుడు మాటలన్నీ రోగి గురించే సాగుతాయి. మందుల చీటీ కూడా రోగి పేరుతోనే ఉంటుంది. పక్క కుర్చీలో కూర్చున్న కోడలికి 'ఇది నావల్ల కాదేమో, నేనే సరిగ్గా చూడలేకపోతున్నానేమో' అన్న శంక పట్టుకున్న సంగతి ఎక్కడా నమోదు కాదు. ఆ శంక తీర్చడానికి మార్గాలు లేకపోలేదు. ఆ మార్గాలను మన దేశంలోనే పరీక్షించి చూశారు కూడా.

లెక్కకు రాని షిఫ్టు

డిమెన్షియా ఒకే వ్యాధి పేరు కాదు. జ్ఞాపకశక్తి, ఆలోచన, మాట, నిత్యకృత్యాలు చేసుకునే సామర్థ్యం క్రమంగా సన్నగిల్లే స్థితికి అది ఉమ్మడి పేరు. 1906లో జర్మన్ వైద్యుడు అలోయిస్ అల్జీమర్ ఒక సదస్సులో వివరించిన, అనంతరం ఆయన పేరనే వెలసిన అల్జీమర్స్ వ్యాధి దీనికి ప్రధాన కారణం. మెదడు రక్తనాళాలు దెబ్బతినడం వల్ల వచ్చే రకమూ తక్కువేమీ కాదు. 2023లో వెలువడిన జాతీయస్థాయి అధ్యయనం ప్రకారం భారతదేశంలో 60 ఏళ్ళు పైబడినవారిలో 7.4 శాతం మంది, అంటే సుమారు 88 లక్షల మంది డిమెన్షియాతో జీవిస్తున్నారు. పురుషులలో కంటే స్త్రీలలో, పట్టణాల్లో కంటే గ్రామాల్లో ఇది ఎక్కువగా కనబడింది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనాల ప్రకారం 2019లో ప్రపంచ దేశాలపై దీనివల్ల పడిన ఆర్థిక భారం 1.3 లక్షల కోట్ల డాలర్లు. ఇందులో ఇంచుమించు సగం ఆసుపత్రుల ఖర్చూ కాదు, మందుల ఖర్చూ కాదు. కుటుంబ సభ్యులు, ఆప్తులు జీతం లేకుండా చేసే సేవకు కట్టిన విలువ అది. అలా సేవ చేసేవారు రోజుకు సగటున 5 గంటలు వెచ్చిస్తున్నారని, ఆ గంటల్లో 70 శాతం స్త్రీలవేనని ఆ సంస్థ పేర్కొంది. రోజుకు 5 గంటలంటే ఏడాదికి 1,825 గంటలు. వర్క్‌షాపు భాషలో చెప్పాలంటే 228 షిఫ్టులు. హాజరుపట్టీ లేని, ఓవర్‌టైము లేని, వారాంతపు సెలవు లేని షిఫ్టులు. జాతీయాదాయ లెక్కల్లో ఈ శ్రమకు గడి లేదు. అందుచేతనే కాబోలు, దాన్ని తేలికపరిచే శిక్షణకూ ప్రభుత్వ పద్దుల్లో చోటు దక్కడం కష్టంగా ఉంది.

సభ్యదేశాల్లో కనీసం 75 శాతం 2025 నాటికి సంరక్షకులకు శిక్షణ, తోడ్పాటు అందించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో ఆమోదించిన కార్యాచరణ ప్రణాళికలో లక్ష్యంగా పెట్టుకుంది. ఆ గడువులోగా పని పూర్తికాకపోవడంతో ప్రణాళికను 2031 వరకు పొడిగించవలసి వచ్చింది.

గోవాలో జరిగిన ప్రయత్నం

1998లో కొచ్చిలో జరిగిన అంతర్జాతీయ సదస్సు సందర్భంగా '10/66' అనే పరిశోధక బృందం ఏర్పడింది. పేరు విచిత్రంగా తోచవచ్చు. డిమెన్షియా బాధితుల్లో 66 శాతం మంది వర్ధమాన దేశాల్లో ఉండగా, వారిపై జరిగే పరిశోధన 10 శాతమైనా లేదన్న ఆక్షేపణే ఆ అంకెల తాత్పర్యం. మానసిక వైద్యులు, ప్రత్యేక క్లినిక్కులు కరవైన చోట కుటుంబానికి ఎలా తోడ్పడాలన్నది ఆ బృందం ముందున్న ప్రశ్న.

గోవాలో జరిపిన ప్రయోగ ఫలితాలు 2008లో వెలువడ్డాయి. 81 కుటుంబాలను ఎంచుకుని, చీటీలు వేసినట్లుగా రెండు వర్గాలుగా విడదీశారు. 41 కుటుంబాలకు ఆరు నెలలపాటు, కనీసం పక్షానికి ఒకసారి, 'గృహ సలహాదారు' ఇంటికి వెళ్ళి వచ్చేవారు. ఈ సలహాదారులు వైద్యులు కారు, నర్సులు కారు. హయ్యర్ సెకండరీ చదువు, స్థానిక భాష, ఇంగితజ్ఞానం, ఎదుటివారి కష్టాన్ని అర్థం చేసుకునే మనసు ఉంటే చాలన్నారు. వారం రోజులు గట్టి శిక్షణ ఇచ్చారు. సందేహం వస్తే అడగడానికి పైన ఒక మానసిక వైద్యుడు ఉండేవారు. ఇంటికి వెళ్ళినవారు జబ్బు స్వభావాన్ని వివరించారు, స్నానం, భోజనం, నిద్ర, కోపం వంటి నిర్దిష్టమైన చిక్కుల్లో ఏం చేయవచ్చో చూపించారు, ప్రభుత్వ పథకాలకు దరఖాస్తు చేయడంలో సాయపడ్డారు, సంరక్షకులు చెప్పుకునే గోడు విన్నారు.

ఆరు నెలల తరువాత కొలిచి చూస్తే సంరక్షకుల మానసికారోగ్యం స్పష్టంగా మెరుగుపడింది. రోగి ప్రవర్తన వల్ల వారికి కలిగే వేదన తగ్గింది. అయితే రోగుల ప్రవర్తనలో గాని, పనులు చేసుకునే శక్తిలో గాని చెప్పుకోదగిన మార్పు రాలేదు. ఆ వ్యవధిలోనే 18 మంది రోగులు కన్నుమూశారు కూడా. మొదటి చూపుకు ఈ ఫలితం చిన్నదిగా కనిపించవచ్చు. కానీ గమనించవలసింది ఇదే. జబ్బు తన దారిన తాను నడుస్తూనే ఉంది. పెద్దాయన సాయంత్రం అయిదింటికి డ్యూటీకి బయలుదేరుతూనే ఉన్నాడు. తలుపు దగ్గర నిలబడిన మనిషికి మాత్రం మూడింటి నుంచే దడ పుట్టడం తగ్గింది.

బ్రిటన్‌లో 260 మంది సంరక్షకులపై జరిపి, 2013లో ఫలితాలు ప్రకటించిన మరో ప్రయోగమూ ఇటువంటిదే. మనస్తత్వ శాస్త్రం చదివిన యువ పట్టభద్రులు ఎనిమిదిసార్లు కలిసి, ఒక చేతిపుస్తకం ఆధారంగా పాఠాలు చెప్పారు. ఆందోళన, కుంగుబాటు తగ్గాయి. ఆ మేలు ఏళ్ళ తరబడి నిలిచినట్లు తదుపరి పరిశీలనలో తేలింది.

'ధైర్యంగా ఉండు' అంటే సరిపోదు

మనస్తత్వవేత్త ఆల్బర్ట్ బండూరా 1977లో ప్రతిపాదించిన సిద్ధాంతం ఒకటుంది. ఒక పని తాను చేయగలనన్న నమ్మకం మనిషికి ఎక్కడి నుంచి వస్తుందని ఆయన పరిశోధించారు. ఎవరో ఇచ్చే ప్రోత్సాహం కంటే, తాను స్వయంగా సాధించిన చిన్న విజయం బలమైనదని తేల్చారు. తనవంటి మరొకరు అదే పని చేయగా చూడడం దాని తరువాతి స్థానం. బంధువులు వచ్చి 'నువ్వు గట్టిదానివమ్మా, నీకు పుణ్యం వస్తుంది' అని వెళ్ళిపోతే కోడలికి ఒరిగేది అంతంతే. పుణ్యం సంగతి పైవాడు చూసుకుంటాడు. ఆమెకు కావలసింది సాయంత్రం అయిదింటికి చెప్పవలసిన మాట.

ఆ మాట మరీ కష్టమైనదేమీ కాదు. పద్దెనిమిదేళ్ళ లెక్క చెప్పడం వల్ల ప్రయోజనం లేదు. ఆయన మెదడులో ఆ పద్దెనిమిదేళ్ళు నిలవలేదు. అబద్ధమాడుతున్నారన్న అనుమానం మాత్రం నిలుస్తుంది. 'వేళ ఇంకా ఉంది మావయ్యా, టీ తాగి వెళుదురు గాని' అంటే తగవు ఉండదు. టీ తాగేటప్పుడు 'మీ ఫోర్‌మన్ మంచివాడేనా?' అని అడిగితే కథ మొదలవుతుంది. వీలైతే ఇద్దరూ సందు చివరిదాకా నడిచి, తిరిగి రావచ్చు. మరీ మంచి ఉపాయం నాలుగున్నరకే చేతికి పని ఇవ్వడం. నట్లు, బోల్టులు కలిపిన డబ్బా ఒకటి ముందుపెట్టి సైజులవారీగా వేరు చేయమంటే ముప్పయ్యయిదేళ్ళ పనితనం ఉన్న చేతులు వాటంతట అవే కదులుతాయి. చీకటిపడే వేళకు ముందే దీపాలు వేయడం, మధ్యాహ్నం కునుకు తగ్గించడం కూడా కొందరిలో సాయంత్రపు కలతను తగ్గిస్తాయి. ఇందులో ఒకటి పనిచేసి మూడు చేయకపోవచ్చు. ఆ పనిచేసిన ఒక్కటే ఆమెకు ఆస్తి. మర్నాడు ఆమె ఆ ఒక్కదాంతో మొదలుపెడుతుంది.

స్నానమూ అంతే. పొద్దున్నే చన్నీళ్ళకు అలవాటుపడిన మనిషి అకస్మాత్తుగా నీళ్ళంటే భయపడితే మొండితనం అనుకుంటాం. తలమీద నుంచి నీళ్ళు దిగడం, ఒంటిమీద బట్ట లేకపోవడం, కోడలి ముందు కావడం, ఇవన్నీ కలిసి ఆయనను బెదరగొడుతున్నాయి. భుజాలమీద తువ్వాలు కప్పి, గోరువెచ్చని నీళ్ళు ముందుగా పాదాలమీద పోసి, చెంబు ఆయన చేతికే ఇస్తే బెదురు తగ్గవచ్చు. ఆ రోజుకు కుదరకపోతే ఒళ్ళు తుడిచి వదిలేయవచ్చు. రోజూ స్నానం చేయించకపోవడం నేరం కాదన్న మాట కోడలికి ఎవరో ఒకరు, కాస్త అధికారం ఉన్నవారు, చెప్పాలి. 'నా పాస్ బుక్కు నువ్వే దాచావు' అన్న నింద పడినప్పుడు ప్రమాణాలు చేయడం వృథా. 'పదండి, ఇద్దరం వెతుకుదాం' అనడం మేలు. దొరికిన చోటు గుర్తుంచుకుంటే మళ్ళీసారి వెతుకులాట తగ్గుతుంది. దాచేవారు సాధారణంగా ఒకే చోట దాస్తారు.

ఖరగ్‌పూర్‌కు ప్రత్యేకమైన భయం మరొకటి ఉంది. ఇక్కడి ప్లాట్‌ఫారం పొడవు 1,072.5 మీటర్లు. 2013లో గోరఖ్‌పూర్ మించిపోయేవరకు ప్రపంచంలో అదే పొడవైనదని ఈ ఊరివారు గర్వంగా చెప్పుకున్నారు. 2023లో హుబ్బళ్ళి ఆ రెంటినీ దాటింది. రైలు జీవితమంతా గడిపిన మనిషి ఇల్లు విడిచిపోతే కాళ్ళు అటే నడిపించవచ్చు. పట్టాలు, రాకపోకల రద్దీ, ఎక్కిన రైలు ఎటు పోతుందో తెలియని స్థితి. జేబులో కుట్టిన ఫోన్ నంబరు, ఈ మధ్య తీసిన ఫోటో, టీ కొట్టుకూ ఆటో స్టాండుకూ ముందుగానే చెప్పి ఉంచిన ఒక్క మాట, పోలీసుకంటే ముందు పనికివస్తాయి. ఇందుకు చుట్టుపక్కలవారితో జబ్బు గురించి బాహాటంగా మాట్లాడవలసి ఉంటుంది. కుటుంబాలు వెనకాడేది ఇక్కడే. బెంగాలీలో వృద్ధాప్యపు చాదస్తాన్ని 'భీమ్‌రతి' అంటారు. 77వ ఏట, ఏడవ నెల, ఏడవ రాత్రి అని దానికి పాతకాలపు లెక్క. మనవారు 70 నిండినప్పుడు జరిపే భీమరథ శాంతి పేరులోనూ ఆ చుట్టరికం వినబడుతుంది. మాట ఏదైనా, వయసు వస్తే ఇంతేలెమ్మని కొట్టిపారేయడానికి రెండు భాషల్లోనూ వీలుంది. అలా కొట్టిపారేయడం వల్ల థైరాయిడ్ లోపం, బి12 విటమిన్ లోపం, కుంగుబాటు వంటి చికిత్సకు లొంగే కారణాలు కూడా దాగిపోతాయి. రెండు మూడు రోజుల్లోనే మనిషి ఒక్కసారిగా మారిపోతే అది ఇన్‌ఫెక్షన్ కావచ్చు. ఆ పూటే వైద్యుడికి చూపాలి. దశాబ్దాల తరబడి సుత్తిదెబ్బల మోతలో పనిచేసినవారికి వినికిడి తగ్గి ఉండవచ్చు. వినికిడి లోపం డిమెన్షియా ముప్పును పెంచే అంశాల్లో ఒకటని 2024 నాటి లాన్సెట్ నిపుణుల సంఘం కూడా పేర్కొంది. పైగా వినబడక జవాబివ్వని మనిషికి మతి పోయిందని ఇంట్లోవారు పొరబడడమూ కద్దు. ముందు చెవి పరీక్ష చేయించడం చవకైన పని.

ఏ భాషలో పలకరించాలి?

బెంగాల్–నాగపూర్ రైల్వే రోజుల్లో శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతాల నుంచి బతుకుతెరువు కోసం వచ్చిన కుటుంబాలు మథురాకాటి, నింపురా, మలంచ, ఝపటాపూర్ పేటల్లో స్థిరపడ్డాయి. ఇంట్లో తెలుగు, బజారులో బెంగాలీ, డ్యూటీలో హిందీ. ఈ బహుభాషా జీవితం మెదడుకు కొంత రక్షణేనని హైదరాబాద్ నిమ్స్ పరిశోధకులు 2013లో ప్రకటించారు. 648 మంది డిమెన్షియా రోగులను పరిశీలించగా, ఒకటికి మించి భాషలు మాట్లాడేవారిలో లక్షణాలు సగటున నాలుగున్నరేళ్ళు ఆలస్యంగా బయటపడ్డాయి. బడి మొగం చూడనివారిలో సైతం ఈ తేడా కనిపించడం విశేషం.

ఆలస్యం కావచ్చుగాని రాకుండా పోదు. వచ్చిన తరువాత చాలామందిలో పెద్దయ్యాక నేర్చిన భాషలు ముందు జారిపోతాయి, తల్లి ఒడిలో నేర్చినది చివరిదాకా అంటిపెట్టుకుంటుంది. బెంగాలీలో, హిందీలో అడిగిన ప్రశ్నకు పెద్దాయన శూన్యంగా చూస్తారు. తెలుగులో అడిగితే సగమైనా చెబుతారు. పరాయి భాషలో పరీక్షిస్తే జబ్బు ఉన్నదానికంటే ముదిరినట్లు తేలే ప్రమాదం ఉంది. భారత వైద్య పరిశోధన మండలి రూపొందించిన డిమెన్షియా పరీక్షల సంపుటి తెలుగులోనూ బెంగాలీలోనూ కూడా లభిస్తున్నందున, కోల్‌కతాలోని పెద్దాసుపత్రిలో చూపించేటప్పుడు 'తెలుగులో పరీక్షించగలరా?' అని అడగడం కుటుంబం హక్కు. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాష హోదా కల్పించాలని నిర్ణయించింది. ఆ హోదా బోర్డులమీది అక్షరాలకే పరిమితం కానవసరం లేదు. సంరక్షకులకు ఇచ్చే కరపత్రం తెలుగులో ఉండాలని అడగడానికి అంతకంటే మంచి ఆధారం దొరకదు.

ఇంటి మనుమలు బెంగాలీ, హిందీ, ఇంగ్లీషు మాధ్యమాల్లో చదువుతున్నారు. తాతయ్య చెప్పే ఊరి మాటలు వారికి సగమే తెలుస్తాయి. కోడలు ఒక్కర్తే వంటమనిషి, నర్సు, దుబాసీ కూడా. ఆమెకు రోజుకు ఒక గంట విడుపు దొరకాలంటే ఆ గంట తెలుగు మాట్లాడే మరొక మనిషి కావాలి. ఆ మనిషి కోసం ఎక్కడికో వెళ్ళనక్కరలేదు. అదే షాపులో పనిచేసి రిటైరైన వారు అదే వీధిలో డజనుమంది ఉంటారు. పాత పేర్లు, పాత యంత్రాలు, పాత సమ్మెలు వారికీ గుర్తే. 1928లో వి.వి.గిరి నాయకత్వాన బెంగాల్–నాగపూర్ రైల్వే కార్మికులు ఉద్యోగాలు పోయిన తోటివారి కోసం సమ్మె కట్టిన చరిత్ర ఈ లైనుది. ఆ వారసులకు వంతులవారీగా ఒక గంట కూర్చోవడం మరీ పెద్ద కోరిక కాదు.

1992లో కొచ్చిలో ప్రారంభమైన భారత అల్జీమర్స్ సంబంధిత రుగ్మతల సంఘానికి కోల్‌కతాలో, హైదరాబాద్‌లో శాఖలున్నాయి. మానసిక సమస్యలపై 2022లో ఆరంభమైన టెలి మానస్ సేవ 14416 నంబరుపై తెలుగు, బెంగాలీ సహా పలు భాషల్లో పలుకుతుంది. కోడలు తన కోసం తాను ఫోన్ చేసుకోవచ్చు. వయోవృద్ధుల సహాయ కేంద్రం నంబరు 14567. అయితే ఫోనులో వినిపించే గొంతు ఇంటికి వచ్చిన మనిషికి సాటి రాదు. గోవాలో పని జరిగింది ఇంటికి వెళ్ళినందువల్లనే. ఖరగ్‌పూర్‌లో రైల్వే ఆసుపత్రి ఉంది, పింఛనుదార్లకు అక్కడ వైద్య సదుపాయం ఉంది, తెలుగు సంఘాలున్నాయి. ఇంటర్ చదివి ఇంట్లో కూర్చున్న తెలుగు యువతులూ ఉన్నారు. వారం రోజుల శిక్షణకు ఎంత ఖర్చవుతుందో ఎవరైనా లెక్క కట్టి చూడవలసి ఉంది.

ఈలోగా నవంబరు వస్తుంది. పింఛను ఆగకుండా ఉండాలంటే లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వాలి. 80 దాటినవారు అక్టోబరు నుంచే ఇవ్వవచ్చు. సంతకం మరచిన పెద్దాయనను బ్యాంకు వరుసలో నిలబెట్టి తిప్పలుపడే ఇళ్ళు ఎన్నో. వేలిముద్ర అరిగిపోయిన చేతులకు 2021 నుంచి ముఖం గుర్తించే పద్ధతి కూడా వచ్చింది, దాన్ని ఇంటి దగ్గరే సెల్‌ఫోనుతో పూర్తిచేయవచ్చు. సంతకం చేయలేని ఖాతాదారు వేలిముద్ర వేస్తే, ఇద్దరు సాక్షులు, అందులో ఒకరు బ్యాంకు ఉద్యోగి, గుర్తించి డబ్బు ఇవ్వవచ్చునని రిజర్వు బ్యాంకు నిబంధన ఉంది. ఈ సంగతులు తెలిసిన విశ్రాంత గుమాస్తా ప్రతి వీధిలోనూ ఒకరుంటారు. ఫోను పట్టుకుని ఆయన ఆ ఇంటికి ఒక పూట వెళ్ళి వస్తే కోడలికి ఆ నెలలో ఒక పని తగ్గుతుంది.